అడగని మనిషి

ఫిబ్రవరి 4

నసపిట్టకి,

మీ అక్క రాస్తున్నది. మేమంతా బాగున్నాం. నువ్వూ బాగున్నావని కిందటి ఉత్తరంలో రాశావు గానీ, నీ "బాగున్నాను" సంగతి నాకు తెలీదా? చిన్నప్పుడు ఒళ్లు కాలిపోతున్నా "బాగానే ఉన్నా" అంటూ గోడవైపు తిరిగి పడుకునేదానివి.

సరే, అసలు మాటకొస్తాను. మన అమ్మడికి పెళ్లి కుదిరింది. ఏప్రిల్ ఆరున. అబ్బాయి కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. పిల్లను చూడటానికి వచ్చిన రోజు పిల్లకంటే మీ బావ కళ్లజోడునే ఎక్కువసేపు చూశాడు. "మావయ్యగారూ, మీ ఎడమ అద్దం వంకరగా బిగించారండీ" అన్నాడు. ఏళ్ల తరబడి తలనొప్పికి మాత్రలు మింగుతున్న మీ బావ ఆ క్షణంలోనే అతన్ని అల్లుణ్ణి చేసేసుకున్నాడు. అమ్మడు అంతకు ముందే చేసేసుకుందనుకో, ఆ సంగతి మీ బావకి ఇంకా తెలీదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాడెవడో గానీ రెండూ చేసి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాడే అయ్యుంటాడు. హాలు దొరకడానికే కాళ్లకు బలపం కట్టుకుని తిరిగాం. చివరికి బస్సు డిపో వెనక వీధిలో ఒకటి దొరికింది. మైకు కుయ్యిమంటుంది, కుర్చీలు కిర్రుమంటాయి. వంటాయనకి చెవుడు. రెండు వందలమందికి అంటే "ఎందుకండీ అంతమందికి, మూడొందలు చాలు" అన్నాడు.

నువ్వు రావాలి. ఇదొక్కటే అడుగుతున్నాను. రెండేళ్లయింది నీ మొహం చూసి. "పిన్ని రాకపోతే నా తల ఎవరు దువ్వుతారమ్మా" అని అమ్మడు నా మీద విరుచుకుపడుతోంది. ఫోను వద్దన్నావు, మానేశాను. ఎవరికీ చెప్పొద్దన్నావు, నోరు కుట్టేసుకున్నాను. ఇప్పుడు నా మాట ఒకటి విను. జరిగిందేదో జరిగింది, ఒక్కరోజు వచ్చి వెళ్లు.

నీ ఉత్తరాలు బడి లైబ్రరీకే పంపు. పొద్దున్నే చిరిగిన పుస్తకాలు అతికించడానికి కూర్చుంటాను కదా, ఆ సమయంలో అక్కడ పురుగు కూడా ఉండదు. కవరు అక్కడే చింపేస్తున్నాను.

నీ
అక్క


ఫిబ్రవరి 13

అక్కా,

అమ్మడి పెళ్లి అని చదవగానే ఎంత గట్టిగా నవ్వానో, పక్కన సూదికి దారం ఎక్కిస్తున్న ముసలావిడ, ఇక్కడ అందరం పెద్దమ్మ అంటాంలే, దారం జారవిడిచి నన్ను తిట్టింది. మొన్నమొన్నటి దాకా నా చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని ఇల్లంతా టపటపలాడించిన పిల్ల! బావగారి తలనొప్పి కనిపెట్టిన అల్లుడికి నా ఆశీస్సులు చెప్పు. ఎవరివని అడిగితే గాలివాటంగా వచ్చాయని చెప్పు.

నేను రాలేను. కోప్పడకు. చదివి కాసేపు ఊరుకుని, మళ్లీ ఒకసారి చదువు.

"ఒక్కరోజు వచ్చి వెళ్లు" అన్నావు. నన్ను కట్టుకున్నవాడికి ఒక్కరోజు కూడా అక్కర్లేదు. మొదటిసారి ఫోను వల్ల దొరికాను. ఫోన్లు బాగుచేసేవాడి చేతికి ఒక ఫోను ఇస్తే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్తాడు, నీకు తెలిసిందే. రెండోసారి మన మేనత్త వల్ల దొరికాను. పాపం ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. అప్పుడు వాడు నన్ను ఒక్క మాట అనలేదు. రోజూ సాయంత్రం నేనుండే హాస్టలుకి ఎదురుగా నిలబడి నవ్వేవాడు, అంతే. ఆ తర్వాత ఏం జరిగిందో నీకు చెప్పక్కర్లేదు, ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చింది నువ్వే. నీకు చెప్పని మాట ఒకటుంది. నా చెయ్యి విరిచాక చెవి దగ్గరికి వంగి, "ఈసారి దొరికితే ఆస్పత్రి దాకా కూడా రానివ్వను" అన్నాడు. అరవలేదు. మామూలుగా, కూర వండావా అని అడిగినట్టే అన్నాడు. వాడు అన్నమాట తప్పడని నీకు తెలీదేమో, నాకు తెలుసు.

అందుకే నా అడ్రసు ఎక్కడా రాసుకోవద్దన్నాను. ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్తానన్నావు, అలాగే ఉంచు. ఈ లోకంలో ఆ అడ్రసు ఉన్నది నీ ఒక్కదాని బుర్రలోనే. ఉత్తరాల్లో ఊరి పేరు, వీధి పేరు, మనుషుల పేర్లు రాయకు. అమ్మడికి కూడా చెప్పకు. పిల్ల మంచిదే, కానీ కొత్త పెళ్లికూతురికి రహస్యం నిలవదు.

ఇక్కడ పని బాగుంది. వెనక గదిలో ఆడవాళ్లం బల్లచుట్టూ కూర్చుని చెప్పులు కుడతాం. జిగురు వాసనకి మొదట్లో తల తిరిగేది, ఇప్పుడు ఆదివారం ఆ వాసన లేకపోతే ఏదో వెలితిగా ఉంటుంది. వానాకాలంలో మణికట్టు సలుపుతుంది గానీ మిగతా రోజుల్లో మాట వింటోంది.

రాలేను గానీ, అమ్మడి పెళ్లి చెప్పులు నేనే కుడతాను. దాన్ని ఒక కాగితం మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిలుతో గీసి పంపు. రెండు పాదాలూ గియ్యి, ఒకటి గీసి ఇంకొకటీ ఇంతేలే అనకు. నీ సంగతి నాకు తెలుసు.

నీ
నసపిట్ట


ఫిబ్రవరి 24

నసపిట్టకి,

ఇదిగో పాదాలు. గీస్తుంటే చక్కిలిగింతలని అమ్మడు ఎగిరింది, అందుకే ఎడమ పాదానికి ఆరో వేలు వచ్చింది. దాన్ని పట్టించుకోకు. చెప్పులు ఎవరు కుడుతున్నారని అడిగితే నాకు తెలిసిన ఒకావిడ అన్నాను. అబద్ధం కాదు కదా.

రావడం కుదరదన్నావు. నాకు ఏడుపొచ్చింది. ఏడిచి ఊరుకున్నాను.

ఇప్పుడు నేను రాసేది చదివి కంగారుపడకు. మరిది వచ్చాడు. పోయిన ఆదివారం. నేను పిలవలేదు, ఎవరూ పిలవలేదు. పెళ్లి కబురు ఎవరో చెప్పారట. గుమ్మం బయటే నిలబడ్డాడు. "లోపలికి రానులే వదినా, అమ్మడి చేతిలో ఇది పెట్టి వెళ్లిపోతాను" అని ఒక చీర ఇచ్చాడు. మనిషి సగమయ్యాడు. మీ బావని చూడగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మీ బావ సంగతి తెలుసుగా, సినిమాలో ఏనుగు పిల్ల తప్పిపోయినా ఏడుస్తాడు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు.

కాఫీ తాగాడు. హాలులో దీపాల పని తను చూసుకుంటానన్నాడు. కుయ్యిమనే మైకు కూడా బాగుచేస్తానన్నాడు. నా ఫోను మాటిమాటికీ ఆగిపోతుంటే చూసి, అక్కడికక్కడే విప్పి బాగుచేసి ఇచ్చాడు. ఇప్పుడు పరుగులు తీస్తోంది.

ఒక్క మాట చెప్తాను. నీ ఊసే ఎత్తలేదు. ఎక్కడుంది, ఎలా ఉంది, ఏమీ అడగలేదు. అడుగుతాడేమోనని నేను మాటమాటకీ పెళ్లి కబుర్లే ఎత్తాను. వెళ్లేటప్పుడు మీ బావతో "తప్పంతా నాదే" అన్నాడట. మనుషులు మారరని లేదు కదా?

నీ
అక్క


మార్చి 3

అక్కా,

నీ ఉత్తరం చదివి మళ్లీ కుట్టడానికి కూర్చున్నాను. సూది తోలులోకి కాకుండా వేలిలోకి దించుకున్నాను. పెద్దమ్మ మంచినీళ్లు ఇచ్చింది. ఏమైందంటే ఇంట్లో పెళ్లి అన్నాను. "పెళ్లికి ఇంత వణుకా" అంది.

ఊసెత్తలేదని సంబరపడుతున్నావు. ఎత్తడు. వాడు అడిగే రకం కాదక్కా, చూసే రకం. కాపురం చేసిన నాలుగేళ్లలో "ఎక్కడికెళ్లావు" అని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. ఇంటికి రాగానే గుమ్మంలో ఆగి నా చెప్పులు చూసేవాడు. ఎర్రమట్టి ఉంటే నీ ఇంటివైపు వెళ్లినట్టు. తడిగా ఉంటే బజారుకు వెళ్లినట్టు. చూసి లోపలికొచ్చి అన్నం పెట్టమనేవాడు. అన్నం తిన్నాక మొదలయ్యేది. అడిగేవాడైతే అబద్ధమైనా చెప్పేదాన్ని.

ఫోను ఎందుకిచ్చావు? అందులో నా నంబరు లేదు, నిజమే. నువ్వు ఎక్కడెక్కడికి తిరుగుతావో ఉంటుంది కదా? అక్కా, ఆ ఫోను పారేయి. పారేయలేవు, పెళ్లి పనులున్నాయి, తెలుసు. పోనీ నాకు ఉత్తరం పోస్టు చేసే రోజు ఫోను ఇంట్లో పెట్టి వెళ్లు.

దీపాల పని వేరేవాళ్లకి ఇవ్వమని బావగారికి చెప్పు. దయచేసి. వాడి కన్నీళ్లు నిజం కాదని నేననను. ఏడుస్తాడు, నిజంగానే ఏడుస్తాడు. నా చెయ్యి విరిచిన రోజు కూడా ఏడిచాడు.

చెప్పులు సగం అయ్యాయి. అమ్మడి ఆరో వేలికి కూడా చోటు వదిలాను, కావాలంటే.

నీ
నసపిట్ట


మార్చి 14

చెల్లికి,

చెప్పులు అందాయి. ఎంత బాగున్నాయో చెప్పను, చెప్తే నా కోపం తగ్గిపోతుంది.

నాకు కోపం వచ్చింది. నేనేమన్నా పాలుతాగే పిల్లనా? ఫోను పారేయి, దీపాలవాణ్ణి మార్చు, అటు వెళ్లకు, ఇటు చూడకు. పిల్లిని చంకలో పెట్టుకుని పెళ్లికెళ్లినట్టు, నీ భయాన్ని చంకలో పెట్టుకుని నేను పెళ్లి చేయాలా? రెండేళ్లుగా నీ అడ్రసు నా నాలుక దాటి బయటికి రాలేదు. మీ బావకే చెప్పలేదు. ఒకే మంచం మీద పడుకునే మనిషికి! నా మీద నమ్మకం లేకపోతే అదే రాయి.

మీ బావతో చెప్పి చూశాను. "రూపాయి తీసుకోకుండా చేస్తున్నవాణ్ణి ఏమని పొమ్మంటాం, పెళ్లివారు అడిగితే ఏం చెప్తాం" అన్నాడు. అదీ నిజమే. అబ్బాయి తల్లి ఇప్పటికే "మీ చెల్లెలు రాదా, మీ మరిది మాత్రం ఉన్నాడే" అని సాగదీసింది. అబ్బాయి మంచివాడే, ఆవిడకే మనింటి గుట్లన్నీ కావాలి. కందకు లేని దురద కత్తిపీటకెందుకో!

మరిది రోజూ వస్తున్నాడు. గేటు కీచుమంటుంటే నూనె వేశాడు. ఇప్పుడు ఎవరు ఎప్పుడు వచ్చారో తెలీనంత మెత్తగా తెరుచుకుంటోంది. సామాన్లు మోస్తాడు. మొన్న "పోస్టాఫీసు వైపే వెళ్తున్నాను, ఏమన్నా వేసేవి ఉన్నాయా వదినా" అని అడిగాడు. "నాకెవరున్నారు ఉత్తరాలు రాయడానికి" అన్నాను. చూశావా? నేనేం వెర్రిదాన్ని కాను.

చెప్పుల డబ్బా భలే గట్టిది. అమ్మ డబ్బాల బీరువా గుర్తుందా? ఖాళీ డబ్బా పారేస్తే ఇల్లు ఖాళీ అయిపోతుందనేది. అమ్మడి పెళ్లి గాజులు, పిన్నులు అందులో పెట్టాను. సరిగ్గా సరిపోయాయి.

అక్క


మార్చి 21

అక్కా,

నమ్మకం లేక కాదు. నీ మీద తప్ప ఇంకెవరి మీదా లేకే ఇంత నస పెడుతున్నాను. నీకు కోపం వస్తే నాకు ఈ లోకంలో ఇంకెవరూ లేరు. ఈ ఒక్కసారికి ఊరుకో.

పోస్టాఫీసు మాట ఎందుకు వచ్చిందో ఆలోచించావా? నువ్వు ఉత్తరాలు రాస్తావని వాడికి తెలుసు. నువ్వు లేదన్నప్పుడు వాడు విన్నది నీ మాట కాదు, నీ మొహం చూశాడు. అక్కా, నీకు అబద్ధం చెప్పడం రాదు. అబద్ధం చెప్పేటప్పుడు గడ్డం గోక్కుంటావు.

ఆ డబ్బా తగలబెట్టు. దాని మీద దుకాణం పేరు ఉంది. చెప్పులు మామూలు కాగితంలో చుట్టి పంపాల్సింది, పోస్టు కట్టేసే వేళైందని తొందరలో చేతికి దొరికిన డబ్బాలో పెట్టేశాను. గాజులు ఇంకెందులోనైనా పెట్టు. అమ్మ డబ్బాలు వంద ఉన్నాయి కదా. ఈ ఒక్కటీ పొయ్యిలో పెట్టు.

పెళ్లి అయ్యేదాకా నాకు ఉత్తరం రాయకు. నేనూ రాయను. ఈ మధ్య పనికి రోజూ ఒకే దారిలో వెళ్లడం లేదు. మందుల దుకాణం దగ్గర ఎవరైనా అటుతిరిగి నిలబడితే వీపు చూసి కొలతలు వేస్తాను. వాడి భుజాల కంటే వెడల్పా, సన్నమా అని. నిన్న ఒక పాలవాణ్ణి చూసి పక్కసందులోకి పరుగెత్తాను. అతను నన్ను పిలిచి, కిందపడ్డ గొడుగు చేతికిచ్చాడు. సిగ్గేసింది. తాడును చూసి పామనుకునేవాళ్లని చూసి నవ్వేదాన్ని, ఇప్పుడు నాకు చొక్కాలు ఆరేసిన దండెం కూడా పామే.

ఆరో తారీకున నేను ఇక్కడ కొత్త చీర కట్టుకుని పనికి వెళ్తాను. ఆ సమయానికి అమ్మడి తల నువ్వే దువ్వు. కుడివైపు పాపిడి దానికి నప్పదు, మధ్యలో తియ్యి.

నీ
నసపిట్ట


ఏప్రిల్ 10

నసపిట్టకి,

పెళ్లి అయింది. బాగా అయింది. రాయొద్దన్నావని ఇన్నాళ్లూ చెయ్యి కట్టేసుకున్నాను, ఇప్పుడు రాయకపోతే ఊపిరాడదు.

ముందు మంచి కబుర్లు. అమ్మడి పాపిడి మధ్యలోనే తీశాను. నీ చెప్పులు చూసి అబ్బాయి తరఫు ఆడవాళ్లు ఎక్కడ కొన్నారని ఒకటే అడగడం. వంటాయనకి అన్నం చాలదని చెప్తే వినపడక, చాలా బాగుందన్నామనుకుని దణ్ణం పెట్టాడు. మీ బావ అమ్మడిని సాగనంపేటప్పుడు ఏడవకూడదని తను నడిపే బడి బస్సులో కూర్చుని తలుపులు వేసుకుని ఏడిచాడు. అద్దాల బస్సు కదా, వీధంతా చూసింది.

ఇప్పుడు చెడ్డ కబురు. నన్ను తిట్టు. ఆ డబ్బా నేను తగలబెట్టలేదు.

నీ ఉత్తరం చదవగానే పొయ్యి దాకా తీసుకెళ్లాను. అంత గట్టి డబ్బాని మంటలో పెట్టడానికి చేతులు రాలేదు. మూత మీద పేరు కనపడకుండా బంగారు రంగు కాగితం అతికించాను. రోజూ పుస్తకాలు అతికించే చెయ్యి కదా, ఊడదనుకున్నాను. పెళ్లిరోజు పొద్దున గాజులతో సహా దాన్నే హాలుకి తీసుకెళ్లాను. బస్సులోంచి సామాన్లు దించింది మరిది. మధ్యాహ్నం అమ్మడి గాజులు మార్చడానికి చూస్తే డబ్బా ఉంది, గాజులున్నాయి, మూత లేదు. హాలంతా వెతికాను. కుర్చీల కింద, పూల బుట్టల్లో, చెత్తలో కూడా. బంగారు కాగితం ముక్క ఒకటి దొరికింది.

మరిది భోజనం చేయకుండానే వెళ్లిపోయాడు. ఎవరికీ చెప్పలేదు. దీపాలు వేసినవాడు, అవి ఆర్పడానికి కూడా లేడు.

నువ్వు చెప్పిందంతా ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తోంది. నువ్వు భయమని రాసినప్పుడల్లా గోరంతలు కొండంతలు చేస్తున్నావనుకున్నాను. ఇప్పుడు గేటు మెత్తగా తెరుచుకుంటే నాకు చెమటలు పడుతున్నాయి.

ఇది చూసిన వెంటనే జవాబు రాయి. ఒక్క ముక్క చాలు. బాగున్నానని అబద్ధమైనా రాయి.

నీ
అక్క


ఏప్రిల్ 19

నసపిట్టకి,

ఇంకా నీ జవాబు రాలేదు. రోజూ లైబ్రరీలో పోస్టుమాను సైకిలు గంట కోసం చెవులు రిక్కించి కూర్చుంటున్నాను. నిన్న ఒక పుస్తకానికి అట్ట తలకిందులుగా అతికించాను. హెడ్మాస్టరు చూసి "ఏమ్మా, అమ్మాయి వెళ్లిందని బెంగా" అన్నాడు. అవునన్నాను.

నీ ఉత్తరం దారిలో ఉండి ఉండొచ్చు. పోస్టు ఎప్పుడూ ఆలస్యమే. అయినా మనసు ఊరుకోవడం లేదు. మరిది దుకాణానికి తాళం వేసి ఉంది. పక్క దుకాణంవాణ్ణి అడిగితే పెళ్లి మర్నాటినుంచీ తెరవలేదన్నాడు.

మొన్న పెళ్లి ఫొటోలు వచ్చాయి. మీ బావ, నేను కూర్చుని చూస్తున్నాం. ఆయన అమ్మడిని చూసి కళ్లు తుడుచుకుంటున్నాడు, నేను మరిది కోసం వెతుకుతున్నాను. నేనున్న ప్రతి ఫొటోలోనూ ఉన్నాడు. నేను పూలు అందిస్తుంటే వెనకాల స్తంభం దగ్గర. నేను పెళ్లివారితో మాట్లాడుతుంటే కుర్చీల వరస చివర. అందరూ పెళ్లికూతుర్ని చూస్తున్నారు, వాడొక్కడే నావైపు చూస్తున్నాడు. ఒక ఫొటోలో నా చేతిలో ఆ డబ్బా ఉంది. అప్పుడర్థమైంది. వాడు చూస్తున్నది డబ్బాని. బంగారు కాగితం కింద పేరు ఉందని అప్పుడే పసిగట్టి ఉంటాడు. మిగతా ఫొటోల్లో డబ్బా కనపడటం లేదు గానీ, నా చుట్టుపక్కలే ఎక్కడో ఉండే ఉంటుంది.

ఈపాటికి ఆ పేరు పట్టుకుని బయలుదేరి ఉంటాడు. నీకు ఉత్తరం అందలేదేమో. అందినా నువ్వు ఒక్కదానివి ఏం చేస్తావు? నేనింక కూర్చోలేను. రేపు తెల్లవారగానే మొదటి బస్సుకి వస్తున్నాను. నిన్ను వెంటబెట్టుకుని ఎక్కడికైనా వెళ్దాం. అమ్మడి అత్తవారింటికి కాదు, ఇంకెక్కడికైనా. పెళ్లిలో వంటాయన చెల్లెలు ఎక్కడో తోటలో ఉంటుందట, ఆవిడకీ చెవుడేనట, దానికి భయపడకపోతే అక్కడికైనా వెళ్దాం.

మీ బావకి అమ్మడిని చూడటానికి వెళ్తున్నానని చెప్పాను. గడ్డం గోక్కోకుండా చెప్పాను. ఫోను ఇంట్లో వదిలేసి వస్తున్నాను, నువ్వు చెప్పినట్టే. బస్టాండుకి నడిచే వెళ్తాను, ఎవరినీ దింపమని అడగను. అయినా పెళ్లి చేసి అలిసిపోయిన ముసలిదాన్ని నన్నెవరు చూస్తారు?

నీ అడ్రసు దారిపొడుగునా మనసులోనే అప్పజెప్పుకుంటూ వస్తాను. ఈ ఉత్తరం నాకంటే వెనక చేరుతుందేమో. అయినా రాయకుండా చెయ్యి ఊరుకోలేదు. రేపు సాయంత్రానికి నీ గుమ్మంలో ఉంటాను. తలుపు నాకు తప్ప ఎవరికీ తీయకు.

నీ
అక్క


ఏప్రిల్ 20

అక్కా,

నీ పదో తారీకు ఉత్తరం ఈ పొద్దునే అందింది. ఎంత ఆలస్యమో చూశావా? నువ్వు ఈపాటికి ఎంత అల్లాడిపోయి ఉంటావో తలుచుకుంటే నవ్వూ వస్తోంది, ఏడుపూ వస్తోంది. భయపడకు. ముందు మంచినీళ్లు తాగు, తర్వాత చదువు.

మూత పోతే పోనీ. నీ ఉత్తరం చదవగానే ఆ పేరేమిటో సరిగ్గా చూద్దామని డబ్బాల అర దగ్గరికి పరుగెత్తాను. మా దుకాణం పేరే ఉంటుందనుకున్నాను గానీ, వెనక గదిలో కుట్టుకునేదాన్ని, మూతలు ఎప్పుడు చదివాను? చూస్తే ఒక్కో డబ్బా మీద ఒక్కో పేరు! డబ్బాలు దాచడంలో మా యజమాని మన అమ్మకి తమ్ముడిలాంటివాడక్కా. కొత్త డబ్బా కొనడు. ఎక్కడెక్కడో మూసేసిన దుకాణాల ఖాళీ డబ్బాలు బస్తాలకొద్దీ తెప్పించి వాడతాడు. నీకు పంపిన రకం మీద ఉన్నది మా దుకాణం పేరే కాదు, మా ఊరి పేరూ కాదు. ఆ పేరు పట్టుకుని వాడు వెళ్తే ఎక్కడో సముద్రం ఒడ్డున మూతబడ్డ దుకాణం ముందు తేలతాడు. పెద్దమ్మకి చెప్తే బల్ల చరిచి నవ్వింది. ఆవిడకి సంగతంతా చెప్పేశాను. రెండేళ్లలో మొదటిసారి ఒకరికి చెప్పాను. తన పీట నా పీటకి ఇంకా దగ్గరగా జరుపుకుంది.

అయితే ఒక్క మాట, జాగ్రత్తగా విను. వాడు భోజనం చేయకుండా, చెప్పకుండా వెళ్లిపోయాడన్నావు. మూత కూడా తీసుకెళ్లాడు. డబ్బా మొత్తం తీసుకెళ్లొచ్చు కదా? పేరు చదువుకుని మూత అక్కడే పెట్టేయొచ్చు కదా? పెట్టలేదు. పోయినట్టు నీకు తెలియాలి. నువ్వు భయపడాలి. వాడికి ఆ పేరుతో పని లేదక్కా. నా అడ్రసు ఉన్నది నీ బుర్రలోనే అని వాడికి ఎప్పుడో అర్థమైంది. నిన్ను అడిగితే చచ్చినా చెప్పవని కూడా తెలుసు. అందుకే అడగలేదు. నువ్వు భయపడి నా కోసం బయలుదేరాలి, వాడు నీ వెనక నడవాలి. ఇన్నాళ్లూ గేటుకి నూనె వేసిందీ, దీపాలు కట్టిందీ ఆ ఒక్క ప్రయాణం కోసమే.

అందుకే నా దగ్గరికి రాకు. దుకాణం మూసేశాడని వినపడినా, ఊళ్లో లేడని ఎవరైనా చెప్పినా, నా ఉత్తరాలు ఆగిపోయినా సరే, రాకు. నువ్వు అక్కడ అన్నం వండుకుంటూ, చిరిగిన పుస్తకాలు అతికించుకుంటూ, బావగారి మీద విసుక్కుంటూ ఉన్నన్నాళ్లు నన్నెవ్వరూ ఏమీ చేయలేరు. వాడు విసిగిపోతాడు. విసిగేదాకా మనం ఓపిక పడదాం.

పెళ్లి ముగిసింది కదా, నాకు ఇవాళ ఒళ్లు తేలిగ్గా ఉంది. సాయంత్రం పని నుంచి దగ్గరి దారిలోనే ఇంటికొచ్చాను. కిటికీ తెరిచి, దాని పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. వీధిలో పిల్లలు బంతాట ఆడుతున్నారు. అమ్మడి ఫొటో ఒకటి పంపు, మధ్య పాపిడి కనపడేది.

జవాబుకి తొందరేమీ లేదు. నేను ఇక్కడే ఉంటాను, ఎక్కడికీ వెళ్లను.

నీ
నసపిట్ట